ప్రోత్సహించుటయు, ఆశపెట్టుటయు

ఇల్లు నడుపు స్త్రీకి దినమునకు పదిమారులైనను ఒకరిచేత ఒక పని చేయింపవలసిన యక్కర కలుగును. పసిబిడ్డ ముద్ద మ్రింగవలయును. పిల్లవాడు ఎక్కము వల్లె వేయవలయును. కూతురు పరీక్షకు చదువవలయును. పనిమనిషి వేళకు రావలయును. ఇందుకై మన భాష మనకిచ్చిన క్రియలు ఎన్ని యున్నవో యెన్నడైనను లెక్కించితిమా? బుజ్జగించుట, లాలించుట, ఊరించుట, ఆశపెట్టుట, ఎఱచూపుట, పురికొల్పుట, ఉసికొల్పుట, ప్రేరేపించుట, ప్రోత్సహించుట - ఇవి యన్నియు ఒకరిని పనికి కదల్చు మాటలే. కాని యొకదానికి బదులొకటి చెల్లదు. పిల్లవానిని చదువునకు ఉసికొల్పితినని యే తల్లియు అనదు. కుక్కను దొంగమీదికి ప్రోత్సహించితినని యెవ్వరును అనరు.

ఇన్ని మాటలుండగా ఇప్పుడు మన నడుమకు ఇంగ్లీషునుండి ఒక క్రొత్త క్రియ వచ్చి కూర్చున్నది. 'ఇన్సెంటివైజ్' అని దాని పేరు. బహుమానము చూపి పనికి కదల్చుట యని దాని భావము. 'ఇన్సెంటివు' అను నామవాచకము దానికంటె ముందే వచ్చినది. మా డోర్నకల్ జంక్షనునుండి బొగ్గుగనుల దిక్కునకు పోవు రైలులో పదినిమిషములు కూర్చున్నచో ఉద్యోగుల సంభాషణలో ఆ మాట వినబడకపోదు. బ్యాంకులలో, దుకాణములలో, బీమా వ్యాపారములో, తుదకు పాఠశాలలలో కూడ ఇప్పుడది వాడుకమాట. దీనిని తెనిగించువారు 'ప్రోత్సాహకము' అని వ్రాయుచున్నారు. వార్తాపత్రికలలో 'ప్రోత్సాహకములు ప్రకటించిరి' అని యున్నచో డబ్బు ప్రకటించిరని మనము గ్రహించుచున్నాము. ఈ తెనిగింపు సరియైనదేనా? ప్రోత్సహించుట యనగా డబ్బు చూపుటయేనా? ఇది పండితులకు విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. బిడ్డలను పెంచువారము మనము. ఏ మాట వాడుచున్నామో తెలియనిచో ఏ పని చేయుచున్నామో కూడ తెలియకపోవును.

మొదట ఇంగ్లీషు మాట పుట్టుకను చూతము. 'ఇన్సెంటివు' అనునది లాటిను భాషలో పాడుట యను అర్థముగల ధాతువునుండి వచ్చినది. గాయకులకు ముందుగా శ్రుతి యెత్తి యిచ్చుట దాని తొలి యర్థము. ఒకరు రాగమెత్తగా తక్కినవారు అందుకొందురు గదా, అట్టి కదలిక యన్నమాట. అందులో బహుమానపు వాసన లేదు. క్రమముగా ఉద్రేకము కలిగించుట యనియు, పిదప ధనముచే పనికి పురికొల్పుట యనియు అర్థము మారినది. 'ఇన్సెంటివైజ్' అను క్రియారూపమైతే 1960వ దశకము చివరనే పుట్టినది. పాటగా బయలుదేరిన మాట జీతపు చిట్టాలో చేరినది.

మన 'ప్రోత్సహించు' కథ యింకను చక్కనిది. ప్ర, ఉత్ అను ఉపసర్గములు ముందు నిలువగా 'సహ' అను ధాతువునుండి అది యేర్పడినది. సహ ధాతువునకు ఓర్చుట, తాళుట, ఎదిరించి నిలుచుట యని యర్థము. సహనము, ఉత్సాహము, సాహసము - ఈ మాటలన్నింటిలోను ఆ బలమే యున్నది. కావున ప్రోత్సహించుట యనగా ఎదుటివానికి ఓర్చి నిలుచు శక్తిని పైకి తెచ్చుట. ఈ మాటలో ఇచ్చువాని చేతిలోని వస్తువు లేదు. పుచ్చుకొనువాని లోపలి బలమే యున్నది. దీనికి ఎదురుగా 'ప్రలోభపెట్టు' అను మాట చూడుడు. లోభము దానికి మూలము. ఆశపెట్టుట, ఊరించుట, ఎఱచూపుట కూడ ఆ వంశమువే. ఎఱ చేప కడుపు నింపుటకు వేయబడదు, చేపను పట్టుటకు వేయబడును. ఈ రెండు వంశముల మాటలను ఒకే 'ప్రోత్సాహకము'లో కలిపివేయుటవలన మన భాషకు నష్టము కలుగుచున్నది.

ఇచ్చెడు వస్తువుల పేర్లలో కూడ మనవారు ఎంతో వివేచన చూపిరి. బహుమానమనగా మొదట గొప్ప గౌరవమని యర్థము; 'మానము' అందులో ప్రధానము. గౌరవమునకు గురుతుగా ఇచ్చిన వస్తువునకు తరువాత ఆ పేరు వచ్చినది. పారితోషికము పరితోషమునుండి, అనగా సంతోషమునుండి పుట్టినది. పని చూచి మనస్సు నిండి, ఆ నిండుదనమున ఇచ్చునది పారితోషికము. అది పని తరువాత వచ్చునది. ముందుగా బేరమాడునది కాదు. శాకుంతల నాటకములో ఉంగరము దొరికిన జాలరిని భటులు మొదట దొంగయని కొట్టిరి. రాజు ఉంగరమును గుర్తించి దాని వెలకు సమానమైన ధనమును వానికి ఇప్పించెను. వల వేసిన నాడు జాలరికి ఆ యాశ లేదు. అదియే పారితోషికము. అతడు అందులో సగము భటులకు పూలవెల యని యిచ్చెను. ఆ సగమునకు ఏ పేరు పెట్టవలయునో చదువరులే యూహింతురు గాక!

నైజాము పాలనలో పెరిగిన మన ప్రాంతపు నోళ్లలో మరి కొన్ని మాటలు నిలిచినవి. అరబ్బీనుండి వచ్చిన ఇనాము, పారసీకమునుండి వచ్చిన బక్షీసు, నజరానా. ఇనాము పెద్దవాడు చిన్నవానికి దయతో ఇచ్చునది. నజరానా చిన్నవాడు పెద్దవానికి సమర్పించునది. బక్షీసు మూటమోసినవాని చేతిలో కూలికి మించి పెట్టునది. సేవకు మెచ్చి యిచ్చిన భూములకు కూడ ఇనామనియే పేరు. తాతకు దయతో ఇచ్చినది మనుమనికి హక్కయినది. తుదకు హైదరాబాదు రాష్ట్రములో 1955వ సంవత్సరపు చట్టముచేత ఇనాములు రద్దయినవి. ఒకనాటి బహుమానము అలవాటయినచో మరునాటికి బాకీ యగునని యీ చరిత్ర తెలుపుచున్నది. ఇంట ప్రతి పనికిని పది రూపాయలకు అలవాటుపడిన బిడ్డల తల్లులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక తాయిలము. ఈ మాట కేవలము తల్లులది, అమ్మమ్మలది. బెల్లపు ముక్కయో, పుట్నాలో, వేరుసెనగ యుండయో చీరకొంగున దాచి బిడ్డకు పెట్టునది. తాయిలములో చిన్నపాటి ఆశ యున్నను ప్రేమ దానికంటె ఎక్కువ. పిల్లవాడు పని చేయకున్నను అమ్మమ్మ తాయిలము పెట్టక మానదు. అందుచేతనే అది లంచము కాలేదు. చేయవలసినదానిని చేయుటకు గాని, చేయరానిదానిని చేయుటకు గాని చాటున పుచ్చుకొనునది లంచము.

ఇచ్చు చేయి ఒకటే యైనను ఇచ్చు వేళనుబట్టి పేరెట్లు మారునో రామాయణములో మంథర కథ చెప్పుచున్నది. శ్రీరాముని పట్టాభిషేకవార్తను మంథర చెప్పగానే కైకేయి సంతోషించి ఆభరణమొకటి యిచ్చినది. అది పారితోషికము, మంథర దానిని విసరివేసినది. మనస్సు విరిగిన పిమ్మట అదే కైకేయి, రాముడు అడవికి పోయి భరతుడు రాజైనచో నీకు బంగారు నగలు పెట్టుదునని మాట యిచ్చినది. ఇది పని జరిగిన పిమ్మట చెల్లింపబడునని ముందుగా చేసిన ఒప్పందము. మొదటి కానుకలో కైకేయి హృదయమున్నది. రెండవదానిలో ఆమె కోరిక యున్నది. ఈనాటి భాషలో 'ఇన్సెంటివు' అనదగినది ఈ రెండవదియే.

అదే రామాయణములో మరియొక ఘట్టము మన విచారణకు మిక్కిలి తగియున్నది. సీతాన్వేషణమునకు వానరులను పంపునప్పుడు సుగ్రీవుడు గడువు పెట్టెను. నెలలోపల రానివారికి మరణదండన మనెను. నెల తిరుగకముందే వచ్చి 'సీతను చూచితిని' అని చెప్పినవానికి తనతో సమానమైన భోగభాగ్యములు కలుగుననెను. భయము, ఆశ రెండును పెట్టి పంపినాడన్నమాట. అవి వానరులను వింధ్యముదాక, సముద్రతీరముదాక నడిపించినవి. కాని నూరు యోజనముల నీరు ఎదుట నిలిచినప్పుడు ఆ భయమును పనికిరాలేదు, ఆ యాశయును పనికిరాలేదు. ప్రాయోపవేశమునకు సిద్ధపడిరి. అప్పుడు ఒక ప్రక్క మౌనముగా కూర్చున్న హనుమంతుని వద్దకు జాంబవంతుడు పోయి ఏమి చెప్పెను? ఏ రాజ్యమును చూపలేదు. నీవెవ్వడవో, నీ పుట్టుక యెట్టిదో, నీ బలమెంతటిదో జ్ఞాపకము చేసికొమ్మని చెప్పెను. హనుమంతుడు పెరిగి మహేంద్రగిరి యెక్కెను. ఇదియే ప్రోత్సహించుట. నడువగలిగినంత దూరము ఆశ నడిపించును. దాటవలసినచోట తన బలము తనకు తెలియవలయును.

భారతములోని విదులను మన స్త్రీలు మరువరాదు. సింధురాజుచేత ఓడిపోయి ఇంట పండుకొనిన కుమారుని ఆమె లేపి తిరిగి యుద్ధమునకు పంపినది. ఈ కథను కుంతీదేవి శ్రీకృష్ణునితో చెప్పి తన కుమారులకు వినిపింపుమన్నది. విదుల పలుకులలో కఠినత్వ మున్నది గాని తాయిలము లేదు. తల్లి మాటకు అంతటి బలమున్నదని వ్యాసుడును, తెనుగున తిక్కనయు నమ్మిరి.

అట్లని బహుమానమును పూర్తిగా త్రోసివేయుట వివేకము కాదు. మన శాస్త్రకారులు సామ దాన భేద దండములని నాలుగుపాయములు చెప్పి, వానిలో దానమునకు రెండవ స్థానమిచ్చిరి. కౌటిల్యుని యర్థశాస్త్రములో కుమారులయెడ, సోదరులయెడ, బంధువులయెడ సామదానములే తగినవనియు, భేదదండములు సామంతులయెడ, అడవిరాజులయెడ తగుననియు నిర్ణయింపబడినది. అంత కఠినమైన రాజనీతి చెప్పినవాడు కూడ ఇంటిలో భేదమును, దండమును తేలేదు. 'అన్న చూడు ఎంత బాగుగ చదువుచున్నాడో' యని తమ్ముని యెదుట అనుట భేదోపాయమని యెరుగక మనలో ఎందరు దానిని ప్రోత్సాహమని తలచుచున్నారో!

ఇక గురువుల మాట. మా యింటిలో జీవనము బడిచుట్టును తిరుగుచుండును గనుక ఈ విషయము నాకు దగ్గరది. పంచతంత్రపు మొదట రాజు తన మందబుద్ధులైన ముగ్గురు కుమారులకు నీతి నేర్పినచో నూరు అగ్రహారములిత్తునని విష్ణుశర్మకు ఆశ చూపెను. విద్యను అమ్ముకొననని ఆ వృద్ధబ్రాహ్మణుడు దానిని త్రోసివేసి, ఆరుమాసములలో వారిని నీతివిదులను చేయుదునని ప్రతిజ్ఞ చేసెను. ఆయన చేతిలో బెత్తమును లేదు, తాయిలమును లేదు. కథ యున్నది. తరువాత ఏమి జరిగెనో వినవలయునను కుతూహలమే రాకుమారులను ముందుకు లాగినది. చదువులోనే రుచి పుట్టించుట యన్నింటికంటె గొప్ప ప్రోత్సాహము.

కాని సంసారియైన గ్రామోపాధ్యాయునికి విష్ణుశర్మ వైరాగ్యము విధించుట న్యాయమా? ఈ ప్రశ్నకు మన ఆంధ్రదేశమందే పరీక్ష జరిగినది. 2005వ సంవత్సరమున ఆరంభమై, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఐదు జిల్లాల పల్లెటూళ్ల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను అర్థశాస్త్రజ్ఞులు ఈ విషయమును పరిశీలించిరి. మూడువందల పాఠశాలలను తీసికొని, వానిలో రెండువందలకు బహుమాన మేర్పరచి, నూటికి ఏమియు ఏర్పరుపక పోల్చి చూచిరి. పిల్లల సగటు మార్కులు నిర్ణీతమైన మేరకు మించి పెరిగిన ఒక్కొక్క శాతమునకు 500 రూపాయల చొప్పున ఉపాధ్యాయులకు ఇచ్చిరి. 2011లో ఫలితములు ప్రకటింపబడినవి. రెండు సంవత్సరములకు, నూరుగురు పిల్లలలో నడుమ నిలుచు పిల్లవాడు గణితమున సుమారు పదిమందిని, భాషలో ఆరేడుగురిని దాటి ముందుకు వచ్చినంత అభివృద్ధి బహుమానపు బడులలో కనబడినది. బహుమానము లేని సామాన్యశాస్త్రము, సాంఘికశాస్త్రములలో కూడ ఆ పిల్లలు మెరుగుపడిరి.

ఇందులో గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. ఉపాధ్యాయులు బడికి రాకపోవుట దీనివలన తగ్గలేదు. వచ్చినవారు మాత్రము అదనముగా పాఠములు చెప్పిరి, ఇంటిపని యిచ్చిరి, అభ్యాసపరీక్షలు పెట్టిరి. అనగా బహుమానము రానివానిని రప్పింపలేదు. వచ్చినవాని శ్రమను పెంచినది. తమ పని యొకరు చూచుచున్నారు, దానికి విలువ కట్టుచున్నారు అను తెలివి కూడ ఉపాధ్యాయునకు బలమిచ్చియుండునని నా తలంపు. ధనములో 'మానము' కలిసినప్పుడే అది బహుమాన మగును.

బిడ్డల విషయమున జరిగిన పరీక్ష యింకొకటి తల్లులందరును ఎరుగదగినది. 1973లో అమెరికాదేశమున లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను శాస్త్రజ్ఞులు, మూడునుండి ఐదేండ్ల ప్రాయమున బొమ్మలు గీయుటయందు సహజముగా ఇష్టముగల పసివారిని మూడు గుంపులు చేసిరి. మొదటి గుంపునకు బొమ్మలు గీసినచో అందమైన యోగ్యతాపత్ర మిత్తుమని ముందే చెప్పిరి. రెండవ గుంపునకు ఏమియు చెప్పక, గీసిన తరువాత అట్టి పత్రమునే యిచ్చిరి. మూడవ గుంపునకు ఏదియు ఈయలేదు. ఒకటి రెండు వారములు గడిచిన పిమ్మట రంగుకలములను ఊరక బిడ్డల యెదుట నుంచి చూడగా, ముందుగా ఆశపెట్టబడిన గుంపులోని పిల్లలు తక్కినవారికంటె తక్కువగా గీసిరి. అడుగక యిచ్చిన గుంపువారి ఇష్టము మాత్రము చెడలేదు. మన పెద్దలు పారితోషికమునకును ఎఱకును భిన్నమైన పేర్లు పెట్టుట ఎంత సార్థకమో ఈ పరీక్షవలన తెలియుచున్నది గదా! బొమ్మ బిడ్డ సంతోషము. ముందుగా వెలకట్టినచో అది బిడ్డకు కూలిపని యగును.

అయితే ఇష్టము ఏ కొంచెమును లేనిచోట, లేక ఇష్టమున్నను అడ్డంకి యున్నచోట ఏమి చేయవలయును? రాజస్థానములో ఉదయపూరు ప్రాంతపు పల్లెలలో జరిగిన పని దీనికి సమాధానము చెప్పును. అక్కడ బిడ్డలకు టీకాలు వేయించువారు మిక్కిలి తక్కువ. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో మొదలగువారు కొన్ని గ్రామములలో నియమముగా టీకా శిబిరములు పెట్టించిరి. మరికొన్ని గ్రామములలో శిబిరముతోబాటు ప్రతి టీకాకు ఒక కిలో పప్పును, టీకాలన్నియు ముగిసినచో లోహపు పళ్లెములను ఇప్పించిరి. 2010లో ప్రకటింపబడిన లెక్క యిది: ఏమియు చేయని గ్రామములలో నూటికి 6 గురు బిడ్డలకు, శిబిరము మాత్రమే యున్నచోట 18 మందికి, పప్పును ఇచ్చినచోట 39 మందికి టీకాలు పూర్తియైనవి. ఆ తల్లులకు బిడ్డలమీద ప్రేమ లేక కాదు. ఒక దినపు కూలి పోగొట్టుకొని, చంటిబిడ్డ నెత్తుకొని నడిచి పోవుటకు ఈనాడు కాకున్న రేపు అను జాగు అడ్డుపడును. కిలో పప్పు ఆ జాగును తీసివేసినది. ఇట్టిచోట ఆశచూపుట తప్పు కాదు, పుణ్యమే.

బహుమానమని పిలువరాని దానినొకదానిని కూడ ఇక్కడ చెప్పవలయును. 2003లో మన రాష్ట్రపు బడులలో వండిన మధ్యాహ్నభోజనము పెట్టుట ఆరంభమైనప్పుడు అన్నమునకై పిల్లలు బడికి వత్తురని అనేకులు దానిని ఎఱగా వర్ణించిరి. ఆకలిగొన్న బిడ్డకు అన్నము తాయిలము కాదు. అది బిడ్డకు చెందవలసినదే. చెందవలసినదానిని బహుమానమని చూపుట మాటకును అపచారము, బిడ్డకును అపచారము. చదివిననే అన్నము పెట్టుదునని బెదరించు తల్లి దీనిని ఆలోచింపవలయును.

ఇచ్చువాడొక పేరు పెట్టగా చూచువాడు వేరొక పేరు పెట్టుట కూడ కలదు. మా డోర్నకల్ చరిత్రమే దీనికి సాక్ష్యము. ఇక్కడ 1912లో ఆంగ్లికను సంఘమునకు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులై 1945 జనవరి 1వ తేదీన మరణించువరకు పనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారును, గాంధీమహాత్ముడును 1936, 37 సంవత్సరములలో ఈ విషయమున భిన్నాభిప్రాయులైరి. విద్య, వైద్యము మొదలగు సాయములను మతము మార్పించుటకు సాధనముగా చేయరాదని గాంధీగారి వాదము. పేదలైన గ్రామీణుల మార్పు వారి హృదయమునుండియే పుట్టినదని అజరయ్యగారి నమ్మకము. ఎవరి పక్షము సరియైనదో తీర్చుట ఈ వ్యాసము పని కాదు. బీదవానికి చేసిన మేలు ప్రోత్సాహమో ప్రలోభమో నిర్ణయించునప్పుడు, ఇచ్చినవానిని, ఆక్షేపించినవానిని మాత్రమే గాక పుచ్చుకొనినవానిని కూడ అడుగవలయునను పాఠము మనకు చాలును. ఇంటిలో ఆ మూడవవాడు సాధారణముగా మన బిడ్డయే.

ఆడపిల్లల సంగతి చెప్పక ఈ విషయము ముగియదు. తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వము 2014లో కల్యాణలక్ష్మి యను పథకమును ప్రారంభించి, పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట పెండ్లియగు పేదకన్యలకు 51,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు చేసినది. 2018లో ఆ మొత్తము 1,00,116 రూపాయలైనది. బాల్యవివాహము మాన్పుటకు ఇది యొక యాశ. పదునెనిమిదవ యేటివరకు ఆగుటకు ఈ ధనము కారణమైనచో మంచిదే. కాని ఆగిన ఆ యేండ్లలో పిల్ల యేమి చేయవలయునో ధనము చెప్పదు, తల్లియే చెప్పవలయును. ఆ యేండ్లు చదువుతో నిండినచో ఆ లక్ష రూపాయలకు ఫలమున్నది. పెండ్లికి దినములు లెక్కించుటతో నిండినచో గడువు మాత్రమే మారినది.

మన యిండ్లలో జరుగు పక్షపాతము కూడ ఈ క్రియలలోనే కనబడును. పిల్లవానికి మంచి మార్కులు వచ్చినచో సైకిలు కొనిత్తుమందురు. పిల్లకు మంచి మార్కులు వచ్చినచో మంచి సంబంధము వచ్చునందురు. పిల్లవాడు మంచినీళ్లబిందె ఒకనాడు మోసినచో ఇంటిల్లిపాదియు మెచ్చుకొందురు. పిల్ల యేడాదియంతయు మోసినను ఎవ్వరి కంటికిని ఆనదు. కొడుకునకు బహుమానమును, కూతునకు కర్తవ్యమును విధించు ఇంటిలో కూతురు దేనిని ఓర్చుకొనుచున్నదో మనము తెలిసికొనవలదా? ప్రోత్సహించుటలోని 'సహ' ధాతువు ఓర్పును తెలుపునంటిమి. ఆ యోర్పును ఊరక వాడుకొనుట ప్రోత్సాహము కాదు.

ఇప్పుడు ఇంట ఆచరింపదగిన కొన్ని సంగతులు చెప్పి ముగింతును. పిల్లలు ఇష్టముతో చేయు పనికి - పాటకు, బొమ్మకు, పుస్తకపఠనమునకు - ముందుగా వెల కట్టకుడు. చేసిన తరువాత సంతోషము కలిగినచో సంతోషముగనే యిండు. ఇష్టములేని క్రొత్త యలవాటు నేర్పునప్పుడు చిన్న తాయిలము దోషము కాదు; అలవాటు కుదిరినకొలది దానిని మెల్లగా మాన్పవలయును. మాట యిచ్చినచో తప్పక చెల్లింపుడు. చెల్లింపని ఆశ అబద్ధమునకు తొలిపాఠము. సెల్‌ఫోను చూపి ముద్ద పెట్టుట యిప్పుడు ప్రతి యింటను కనబడుచున్నది. దానిని ప్రోత్సాహమని గాని తాయిలమని గాని అనరాదు. బిడ్డ కన్ను తెరమీద నుండగా నోటిలోనికి ముద్ద పోవుచున్నది. రుచిని గాని, ఆకలిని గాని, తల్లి మోమును గాని బిడ్డ యెరుగదు. చందమామను చూపిన మన పెద్దలు కూడ బిడ్డ కన్నును మరలించిరి గాని, అప్పుడు మాటలాడుచున్నది తల్లియే.

మెచ్చుకొనునప్పుడు బిడ్డను గాక బిడ్డ చేసిన పనిని పేర్కొనుడు. 'నీవు బంగారు కొండవు' అనుట ముద్దు. 'ఈ లెక్క రెండుమారులు తప్పి మూడవమారు నీవే సరిచేసికొంటివి' అనుట ప్రోత్సాహము. జాంబవంతుడు హనుమంతునకు చెప్పినది ఇటువంటి మాటయే. అతనిలో నున్నదానినే అతనికి చూపినాడు. ఈ మాటకు రూపాయి ఖర్చు లేదు గాని బిడ్డను దినదినము గమనించు కన్ను కావలయును. ఖర్చులేని దీనిని విడిచి ఖర్చుగల బహుమానములకు మనము పరుగెత్తుట, గమనించుటకు తీరిక లేకనే యని నాకు తోచుచున్నది.

భాషను నిలుపుకొనుట కూడ గృహిణుల చేతిలోనిదే. డబ్బిచ్చుచోట డబ్బిచ్చితిమనియు, ఆశపెట్టినచోట ఆశపెట్టితిమనియు నిస్సంకోచముగా చెప్పుదము. కార్యాలయపు కాగితములలో 'ప్రోత్సాహకము' ఎట్లున్నను, ఇంటిలో 'ప్రోత్సహించితిని' అను మాటను బిడ్డకు ధైర్యము చెప్పిన నాటికై దాచియుంచుదము. ఈ మాసమున పరీక్షలకు కూర్చుండు బాలబాలికలు ప్రతి వీథిలోను ఉన్నారు. వారికి ఏమి కొనియిత్తమా యని ఆలోచించుటకుముందు, వారు ఏ పాఠమునకు భయపడుచున్నారో ప్రక్కన కూర్చుండి యొకమారు అడిగి చూడుడు.